కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ప్రొఫెషనల్ ఆటలో నిలబడతాడో లేదో అంచనా కట్టడం ఎలా

డల్లాస్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు ఏటా ఏప్రిల్ నెలాఖరులో ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతాడు: "మామయ్యా, ఈసారి డ్రాఫ్టులో ముందు తీసుకున్న కుర్రవాడు నిలబడతాడంటావా?" డ్రాఫ్టు అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అక్కడి ప్రొఫెషనల్ లీగులోని జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను రౌండ్లవారీగా, ఒకరి తరువాత ఒకరుగా ఎంచుకునే కార్యక్రమం. వాడు అడిగేది క్వార్టర్‌బ్యాక్ గురించి, అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాసులు విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడి గురించి. ఒంగోలులో ఒక డిగ్రీ కాలేజీలో చాలాకాలం ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి, కబడ్డీ, వాలీబాల్ ఆటగాళ్లను జిల్లా స్థాయి నుంచి రాష్ట్ర స్థాయికి పంపిన అనుభవం ఉన్నందువల్ల ఆ ప్రశ్న నాకు పరాయిదిగా అనిపించలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ నేను ఆడిన ఆట కాదు. అయినా కింది మెట్టు మీద గొప్పగా ఆడినవాడు పై మెట్టు మీద ఎందుకు తడబడతాడన్న ప్రశ్న ఏ ఆటలోనైనా ఒకటే కాబట్టి, కొన్నేళ్లుగా ఆ ఆటను శ్రద్ధగా చూస్తూ, చూసింది రాసుకుంటూ వస్తున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పిల్లలను అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపిన తల్లిదండ్రులు, అక్కడే స్థిరపడిన మనవాళ్లు ఈ ఆటను చూడటం ఎక్కువైంది. వాళ్లకు పనికొస్తుందని నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మన ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. పాలపళ్ళ విభాగంలోనో రెండు పళ్ళ విభాగంలోనో అందరికంటే ఎక్కువ అడుగులు లాగిన జతను చూసి, సీనియర్స్ విభాగంలోనూ అదే గెలుస్తుందని తెలిసిన రైతెవరూ చెప్పడు. అక్కడ బండ బరువు వేరు, ఎదురుగా నిలబడే జతలు వేరు. అందుకే అతను ఆ జత లాగిన దూరాన్ని మాత్రమే చూడడు. నేల గట్టిదా మెత్తనిదా, తోలినవాడు ఎవరు, చివరి నిమిషాల్లో కాడి కింద మెడ వంచిందా ఎత్తిందా అని చూస్తాడు. క్వార్టర్‌బ్యాక్ విషయంలోనూ చేయవలసింది ఇదే. అతని కాలేజీ ఘనతలో జట్టు ఇచ్చింది ఎంత, కోచ్ ఇచ్చింది ఎంత, ప్రత్యర్థుల బలహీనత వల్ల వచ్చింది ఎంత అని ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోవాలి. ఆ తీసివేతల తరువాత ఏం మిగిలిందో అదే అతని సొంత సొత్తు. నా పద్ధతి మొత్తం ఈ తీసివేత మీదనే ఆధారపడి ఉంది.

ముందుగా, నిలబడటం అంటే ఏమిటి

మాట స్పష్టంగా లేకపోతే అంచనా కూడా స్పష్టంగా ఉండదు. ఒక ఏడాది మెరిసినవాడిని విజేత అనీ, మొదటి ఏడాది తడబడినవాడిని విఫలుడు అనీ తీర్మానించటం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. 1998 డ్రాఫ్టులో మొదటివాడుగా వచ్చిన పేటన్ మానింగ్ తొలి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు (అంటే అన్నిసార్లు అతని పాసు ఎదురు జట్టు చేతిలో పడింది), అతని జట్టు 3 ఆటలు మాత్రమే గెలిచింది. అదే డ్రాఫ్టులో రెండోవాడుగా వచ్చిన ర్యాన్ లీఫ్ కూడా ఆ ఏడాది ఘోరంగానే ఆడాడు. ఆ డిసెంబరులో ఇద్దరి అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి, వీరిలో ఒకరు ఐదుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నికవుతారనీ, రెండోవారు కొద్ది ఏళ్లలోనే ఆటకు దూరమవుతారనీ ఆ అంకెలు చెప్పలేదు.

నా కొలత ఇది: మొదటి ఒప్పందం ముగిసిన తరువాత కూడా ఏదో ఒక జట్టు అతన్నే ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా నమ్మి రెండో ఒప్పందం ఇస్తే అతను నిలబడ్డట్టు. డ్రాఫ్టులో వచ్చినవారి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండులో వచ్చినవారికి మాత్రం ఐదో ఏడాది పొడిగించుకునే హక్కు జట్టుకు ఉంటుంది. ఈ ఒప్పందాల చరిత్ర తెలిసి ఉండటం అవసరం. 2010లో మొదటివాడుగా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల దాకా ఒప్పందం కుదిరితే, కొత్త నిబంధనలు వచ్చిన 2011లో అదే స్థానంలో వచ్చిన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు మాత్రమే దక్కాయి. కొత్త కుర్రవాడు చవకగా దొరకటం మొదలైనప్పటి నుంచి జట్లు అతన్ని త్వరగా ఆడిస్తున్నాయి, నచ్చకపోతే అంతే త్వరగా వదిలేస్తున్నాయి. 2018లో పదోవాడుగా తీసుకున్న జాష్ రోజెన్‌ను అరిజోనా జట్టు ఒక్క ఏడాదికే వదులుకుని, 2019లో కైలర్ మర్రీని మొదటివాడుగా తెచ్చుకుంది. కాబట్టి ఎదగటానికి ఎంత సమయం దొరుకుతుందన్నది కూడా ఇప్పుడు అంచనాలో భాగమే.

కాలేజీ ఆట అతనికి ఉచితంగా ఇచ్చేవి

తీసివేత మొదలుపెట్టాలంటే రెండు ఆటల తేడా తెలియాలి. మైదానం వెడల్పు రెండింటిలోనూ 160 అడుగులే. కానీ ప్రతిసారీ బంతిని ఎక్కడ పెట్టి ఆట మొదలుపెట్టాలో నిర్ణయించే లోపలి గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ప్రొఫెషనల్ ఆటలో 18 అడుగుల 6 అంగుళాలు. అందువల్ల కాలేజీలో బంతి తరచుగా ఒక పక్కకు జరిగి ఉంటుంది, రెండో పక్క విశాలమైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి చిన్న పాసు విసిరితే రిసీవర్ (పాసు పట్టే ఆటగాడు) పరుగెత్తి గజాలు సంపాదిస్తాడు. ఆ గజాలు లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడతాయి. ప్రొఫెషనల్ ఆటలో బంతి మధ్యలోనే ఉంటుంది, కాపలాదారులు కాలేజీవారికంటే వేగంగా పరుగెత్తుతారు, ఆ ఖాళీ కనిపించిన క్షణంలోనే మూసుకుపోతుంది.

పరుగు, పాసు రెండూ ఒకేసారి మొదలుపెట్టి చివరి క్షణంలో ఏదో ఒకటి ఎంచుకునే ఎత్తుగడకు కాలేజీ నిబంధనలు ఎక్కువ వెసులుబాటు ఇస్తాయి. పాసు విసిరేలోగా ముందు వరసలోని భారీ ఆటగాళ్లు కాలేజీలో మూడు గజాల దాకా ముందుకు వెళ్లవచ్చు, ప్రొఫెషనల్ ఆటలో ఒక్క గజమే. క్యాచ్ పట్టేటప్పుడు కాలేజీలో ఒక పాదం గీత లోపల ఉంటే చాలు, అక్కడ రెండు పాదాలూ ఉండాలి. అంటే పక్క గీత దగ్గరికి విసిరే పాసు అంగుళాల తేడాతో కచ్చితంగా ఉండాలి. ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు కానీ ఒక ఏడాదిలో విసిరే నాలుగైదు వందల పాసుల మీద వీటి ప్రభావం కలిసి పెద్దదవుతుంది.

అన్నిటికంటే పెద్ద తేడా ఆలోచించే భారం. చాలా కాలేజీ జట్లలో ప్రతిసారీ బంతి కదిలే ముందు కుర్రాళ్లంతా పక్క గీత వైపు తిరిగి, కోచ్‌లు చూపించే బొమ్మల పలకలను చూసి ఏం చేయాలో తెలుసుకుంటారు. ఎదురు జట్టు ఎలా నిలబడిందో చూసి ఎత్తుగడ మార్చే పని కూడా కోచ్‌దే. ప్రొఫెషనల్ ఆటలో క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణంలో కోచ్ గొంతు వినిపిస్తుంది కానీ, బంతిని కదిలించటానికి ఇచ్చిన గడువులో 15 సెకన్లు మిగిలి ఉండగానే ఆ మాట ఆగిపోతుంది. ఆ తరువాత ఎదురు జట్టును చదివి, తనవాళ్లను సర్ది, రక్షణ ఎటు జరగాలో చెప్పవలసింది అతనే. ఇటువంటి రేడియోను పెద్ద కాలేజీ జట్లకు కూడా 2024 నుంచి అనుమతించారు కాబట్టి ఈ తేడా ముందు ముందు కొంత తగ్గవచ్చు.

ఏ ఆటలు చూడాలి, వాటిలో ఏం చూడాలి

ఒక కుర్రవాడిని అంచనా కట్టటానికి అతని ఆటలన్నీ చూడనవసరం లేదు. మూడు లేదా నాలుగు ఆటలు సరిగా ఎంచుకుంటే చాలు. అతని జట్టు 50 పాయింట్ల తేడాతో గెలిచిన ఆటలను పక్కన పెట్టండి. వాటిలో అతని చొక్కాకు మట్టి కూడా అంటి ఉండదు. ఆ ఏడాది అతను ఎదుర్కొన్న అతి బలమైన డిఫెన్స్‌తో జరిగిన ఆట, అతని జట్టు ఓడిపోయిన ఆట, ప్రధానమైన రిసీవర్ గాయంతో లేని ఆట ఉంటే అది తప్పకుండా చూడండి. కాలేజీ ఆటలు అక్కడ శనివారం మధ్యాహ్నం మొదలైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర, నవంబరు మొదటి వారం తరువాత పదిన్నర అవుతుంది. నేను మాత్రం ఎక్కువగా మరునాడు రికార్డింగులే చూస్తాను, ఎందుకంటే ఒక్కో ఆటను ఆపి, వెనక్కి తిప్పి మూడుసార్లు చూడనిదే ఏదీ తేలదు.

చూసేటప్పుడు బంతిని చూడకండి. బంతి చేయి విడిచిన తరువాత జరిగేది సగం రిసీవర్ ప్రతిభ. అది విడిచేదాకా అతని పాదాలనూ తలనూ చూడండి. వాలీబాల్‌లో సెట్టర్‌ను పరీక్షించేటప్పుడు నేను ఇదే చేసేవాణ్ని: బంతి ఎక్కడికి వెళ్లిందన్నది తరువాత, అందుకునేముందు పాదాలు కుదిరాయా లేదా అన్నది మొదట. కుదురైన పాదాలతో వచ్చిన తప్పు రేపు సరవుతుంది, కుదురు లేని పాదాలతో వచ్చిన ఒప్పు రేపు మళ్లీ వస్తుందన్న భరోసా లేదు.

ఇక అసలైన చోటు మూడో ప్రయత్నం. పది గజాలు సంపాదించటానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, మూడో ప్రయత్నానికి ఇంకా ఏడెనిమిది గజాలు మిగిలి ఉంటే పాసు తప్పదని మైదానంలో ఉన్న ప్రతివారికీ తెలుసు. మోసపు ఎత్తుగడలు అక్కడ పనిచేయవు. కాపలాదారులు వెనక్కి తగ్గి కాచుకుని ఉంటారు, దాడి చేసేవారు ఒక్కుమ్మడిగా మీదికి వస్తారు. ఆ స్థితిలో మొదట చూసిన రిసీవర్ దొరకకపోతే అతని తల రెండోవైపు తిరుగుతుందా, లేక వెంటనే పరుగు అందుకుంటాడా అన్నది రాసుకోండి. ఒక్కో ఆటలో ఇటువంటి ఘట్టాలు పదికి అటూ ఇటూగా వస్తాయి. నాలుగు ఆటలు చూస్తే నలభై దాకా పోగవుతాయి, ఆ నలభై అతని గురించి చెప్పినంత సూటిగా మిగతా వందల పాసులు చెప్పవు.

ఒత్తిడి మీద నాకు పట్టింపు ఎక్కువ, కారణం ఉంది. ప్రొఫెషనల్ ఆటలో పాసు విసరటానికి మామూలుగా దొరికే సమయం రెండున్నర సెకన్లకు కాస్త అటూ ఇటూ. ఆ సమయంలో ఎదురుగా వచ్చే మనిషిని చూడకుండా, అతని భుజం మీదుగా దూరంగా ఉన్న రిసీవర్‌ను చూడగలగటం అనేది కసరత్తుతో వచ్చే బలం కాదు. కాలేజీలో ఒత్తిడి వచ్చినప్పుడు కళ్లు కిందికి దించి దాడి చేసేవాడిని చూడటం అలవాటైన కుర్రవాడు, ప్రొఫెషనల్ ఆటలో కూడా చాలావరకు అలాగే చూస్తాడు. అందుకే ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో లెక్కపెట్టండి: ఎన్నిసార్లు పాసు విసిరాడు, ఎన్నిసార్లు బంతిని బయటికి పారేసి నష్టం తప్పించాడు, ఎన్నిసార్లు బంతితో సహా కిందపడ్డాడు. ఐదుసార్లు ఒత్తిడి వస్తే ఒకసారికంటే ఎక్కువ కిందపడేవాడి గురించి నేను జాగ్రత్త పడతాను. కిందపడటం ముందు వరస తప్పు అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది బంతిని వదలలేని క్వార్టర్‌బ్యాక్ తప్పు, అది అతను ఏ జట్టుకు వెళితే ఆ జట్టుకు అతనితోపాటే వెళుతుంది. దీనికి మినహాయింపులు లేకపోలేదు. జేడెన్ డేనియల్స్ కాలేజీలో ఈ లెక్కలో మంచివాడు కాదు, అయినా 2024లో వాషింగ్టన్ జట్టును 12 విజయాలకు నడిపించాడు. కాలి వేగంతో ఆ లోటును పూడ్చుకోగలిగినవారు బహు తక్కువమంది, అతను వారిలో ఒకడు.

ఒక ఆటను ఉదాహరణగా చెబుతాను. 2022 డిసెంబరు 31 రాత్రి, మనకు కొత్త సంవత్సరం తెల్లవారిన తరువాత, ఒహాయో స్టేట్, జార్జియా జట్ల మధ్య పోటీ జరిగింది. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ మీద అప్పటిదాకా ఉన్న అనుమానం ఏమిటంటే, చుట్టూ గొప్ప రిసీవర్లు, ముందు గట్టి వరస ఉన్నందువల్ల కుదురుగా నిలబడి విసరటమే తప్ప ఆట చెదిరినప్పుడు ఏమీ చేయలేడని. జార్జియా అప్పటి దేశ విజేత, దాని డిఫెన్స్ అందరికంటే బలమైనది. ఆ ఆటలో స్ట్రౌడ్ పాసులతో 348 గజాలు, 4 టచ్‌డౌన్లు (బంతిని ఎదురు జట్టు చివరి గీత దాటించటం) సాధించాడు. అతని ప్రధాన రిసీవర్ మార్విన్ హ్యారిసన్ జూనియర్ మూడో భాగం చివర్లో గాయపడి బయటికి వెళ్లాడు. జట్టు 41-42తో ఓడింది. కానీ చెదిరిన ఆటలో పక్కకు జరిగి, కళ్లు పైకే ఉంచి, పరుగెత్తవలసినచోట పరుగెత్తి అతను చూపించింది ఏడాది మొత్తంలో గెలిచిన ఆటలన్నిటికంటే ఎక్కువ. కొద్ది నెలల తరువాత, డ్రాఫ్టుకు ముందు జరిపే ఒక ఆలోచనా వేగ పరీక్షలో అతనికి తక్కువ మార్కులు వచ్చాయని వార్తలు వచ్చాయి, చాలామంది వెనక్కి తగ్గారు. హ్యూస్టన్ జట్టు రెండోవాడుగా తీసుకుంది. 2023లో అతను 4,108 గజాలు సాధించి, 23 టచ్‌డౌన్లకు 5 ఇంటర్‌సెప్షన్లు మాత్రమే ఇచ్చి, దాడి విభాగంలో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆ జార్జియా ఆటను శ్రద్ధగా చూసినవారికి అది ఆశ్చర్యం కాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ జాక్ విల్సన్. 2020లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం తరపున 33 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు. కరోనా ఏడాదిలో హడావుడిగా కుదుర్చుకున్న పోటీల వల్ల అతనికి ఎదురైన జట్లలో బలమైనవి తక్కువ. మరుసటి వసంతంలో కాలేజీ మైదానంలో నిర్వహించిన ప్రదర్శనలో, ఒకవైపు పరుగెత్తుతూ మైదానం అవతలి కొసకు విసిరిన ఒక్క పాసును దేశమంతా చూసి మెచ్చుకుంది. ఎదురుగా మనిషి లేడు. న్యూయార్క్ జెట్స్ రెండోవాడుగా తీసుకున్నారు, తొలి ఏడాది 9 టచ్‌డౌన్లు, 11 ఇంటర్‌సెప్షన్లు, ఆపైన కూడా అతను కుదురుకోలేదు. ఎదుర్కొన్న ప్రత్యర్థుల జాబితాను తీసివేతలో మొదటి వరసలో పెట్టమని నేను చెప్పటానికి కారణం ఇదే.

అంకెలను ఎలా చదవాలి

అంకెలు పనికిరావని నేను అనను. ఏ అంకె దేనిని కొలుస్తుందో తెలిస్తే చాలు. వాటిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది, కాలేజీలో ఎన్ని ఆటలు ప్రారంభించాడన్నది, అంటే ఎన్ని ఆటల్లో మొదటి నుంచే ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడన్నది. మిచెల్ ట్రుబిస్కీ నార్త్ కెరొలైనాలో ప్రారంభించినవి 13 ఆటలు, షికాగో 2017లో రెండోవాడుగా తీసుకుంది. ట్రే లాన్స్ నార్త్ డకోటా స్టేట్‌లో 17 ఆటలు ప్రారంభించాడు, 2020లో ఆడింది ఒక్క ఆటే. అతని కోసం శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మూడు మొదటి రౌండు అవకాశాలను వదులుకుని 2021లో మూడోవాడుగా తెచ్చుకుని, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండు అవకాశానికి డల్లాస్‌కు ఇచ్చేసింది. అదే జట్టుకు ఆ సమయానికి నమ్మకమైన క్వార్టర్‌బ్యాక్ అయినవాడు, 2022 డ్రాఫ్టులో అందరికంటే చివర 262వ వాడుగా వచ్చిన బ్రాక్ పర్డీ. అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ప్రధాన ఆటగాడిగా ఉన్నవాడు. ఆటగాళ్లు కాలేజీ మారటం సులువైన తరువాత, పేరు ప్రఖ్యాతులకు డబ్బు తీసుకోవటానికి 2021లో అనుమతి వచ్చిన తరువాత, ఐదేళ్లు, ఆరేళ్లు కాలేజీలో ఉండి 50కి పైగా ఆటలు ప్రారంభించి వస్తున్నవారు పెరిగారు. 61 ఆటలు ప్రారంభించిన బో నిక్స్ అటువంటివాడు, తొలి ఏడాదే డెన్వర్‌ను ప్లేఆఫ్‌కు చేర్చాడు. ఇక్కడ ఒక హెచ్చరిక: 24 ఏళ్ల యువకుడు 19 ఏళ్ల కుర్రాళ్ల మీద ఆడితే అంకెలు బాగానే ఉంటాయి. పళ్ళు చూడకుండా ఎద్దును పోటీకి ఎవరూ దింపనట్టే, వయసు చూడకుండా ఈ అంకెలను నమ్మకండి.

పాసులు అందిన శాతం విషయంలో ఒక్క ప్రశ్న వేసుకోండి: పాసులు ఎంత దూరం విసిరినవి? రెండు గజాల పాసులతో 75 శాతం తెచ్చుకోవటం, పదిహేను గజాల పాసులతో 62 శాతం తెచ్చుకోవటం ఒకటి కాదు. 2020లో అలబామా తరపున మ్యాక్ జోన్స్ 77.4 శాతం సాధించాడు. ఆ జట్టులో ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా హైస్‌మన్ బహుమతి గెలిచిన రిసీవర్ డివాంటా స్మిత్ ఉన్నాడని ఆ శాతం చెప్పదు. పరుగుల లెక్కలో ఇంకో చిక్కు ఉంది. క్వార్టర్‌బ్యాక్ బంతితో కిందపడిన గజాలను కాలేజీవారు అతని పరుగుల నుంచి తీసివేస్తారు, ప్రొఫెషనల్ లెక్కల్లో అలా కాదు. ఇది తెలియక మంచి పరుగు ఉన్నవాడిని నిదానస్తుడిగా పొరబడేవారు ఉన్నారు.

గెలిచిన ఆటల సంఖ్యను నేను దాదాపు పట్టించుకోను. 2016లో టెక్సస్ టెక్ జట్టు 5 గెలిచి 7 ఓడింది. ఆ ఏడాది అక్టోబరులో ఓక్లహోమా మీద వాళ్ల క్వార్టర్‌బ్యాక్ 734 గజాలు విసిరి కూడా 59-66తో ఓడాడు. అతను పాట్రిక్ మహోమ్స్. 2017లో పదోవాడుగా కాన్సస్ సిటీకి వెళ్లాడు.

శరీర కొలతల గురించి కొంచెం

ఫిబ్రవరి నెలాఖరున ఇండియానాపోలిస్‌లో డ్రాఫ్టుకు వచ్చే కుర్రాళ్లకు అరచేయి నుంచి 40 గజాల పరుగు దాకా అన్నీ కొలుస్తారు. వాటి మీద నేను ఎక్కువ సమయం పెట్టను. 2000లో టామ్ బ్రేడీ ఆ పరుగును 5.28 సెకన్లలో నిదానంగా ముగించాడు, ఆరో రౌండులో 199వ వాడుగా వచ్చి ఏడు సూపర్ బౌల్స్ (లీగ్ తుది పోటీలు) గెలిచాడు. ఆరడుగులకు లోపు ఉన్న రస్సెల్ విల్సన్ మూడో రౌండులో వచ్చి ఒక సూపర్ బౌల్ గెలిచాడు. 2007లో మొదటివాడైన జమార్కస్ రస్సెల్ చేతి బలం అసాధారణం, అయినా 2010 నాటికి లీగులో లేడు. ఎత్తు, చేతి బలం ఒక కనీస స్థాయి దాటాయా అని చూసి, దాటితే ఆ పుట మూసివేయండి.

ఏ జట్టుకు వెళ్లాడు

ఇక్కడే నేను మొదట్లో ఎక్కువగా పొరబడ్డాను. కుర్రవాడిని మాత్రమే చూసి తీర్పు రాసేవాణ్ని. చిన్నతనంలో మా ఇంట్లో రెండు పళ్ళ విభాగంలో బాగా లాగిన కోడెల జత ఒకటి ఉండేది. వాటిని మొదటి నుంచి తోలిన మనిషి ఊరు విడిచి వెళ్లిన తరువాత, అవే కోడెలు, అదే మేత, అదే నేల అయినా అవి మునుపటిలా లాగలేదు. ఆ విషయం తెలిసిన నేనే క్వార్టర్‌బ్యాక్ విషయంలో దాన్ని చాలాకాలం అన్వయించుకోలేదు.

హ్యూస్టన్ జట్టు 2002లో కొత్తగా లీగులోకి వచ్చి డేవిడ్ కార్‌ను మొదటివాడుగా తీసుకుంది. ఆ ఏడాది అతను 76 సార్లు బంతితో కిందపడ్డాడు. ఒక్క సీజనులో ఇంతకంటే ఎక్కువసార్లు పడ్డవారు చరిత్రలో లేరు. ఇటువంటి ఏడాది తరువాత కళ్లు కిందికి దిగకుండా ఉండటం ఎవరికైనా కష్టం. మ్యాక్ జోన్స్ తొలి ఏడాది న్యూ ఇంగ్లండ్‌ను ప్లేఆఫ్‌కు చేర్చాడు. మరుసటి ఏడాది దాడి విభాగాన్ని నడిపిన కోచ్ వేరే జట్టుకు వెళ్లిపోగా, ఆ పనిని అంతవరకు ప్రధానంగా డిఫెన్స్ చూసిన మనిషికి అప్పగించారు, కుర్రవాడు మళ్లీ కోలుకోకుండానే 2024లో జట్టు మారాడు. ఎదురుగా చూస్తే, మహోమ్స్‌ను తొలి ఏడాది అలెక్స్ స్మిత్ వెనుక కూర్చోబెట్టి ఒక్క ఆట మాత్రమే ప్రారంభించనిచ్చారు. 2018లో అతను 50 టచ్‌డౌన్లు విసిరాడు. ఆరన్ రాడ్జర్స్ మూడేళ్లు బ్రెట్ ఫావ్ వెనుక వేచి ఉన్నాడు. శామ్ డార్నాల్డ్ జెట్స్‌లో విఫలుడని ముద్ర పడి, మరో రెండు జట్లు తిరిగి, 2024లో మిన్నెసోటాకు 14 విజయాలు అందించాడు.

కాబట్టి డ్రాఫ్టు ముగిసిన మరునాడు మళ్లీ కూర్చోండి. ఆ జట్టు ముందు వరసలో స్థిరంగా ఆడుతున్నవారు ఎందరు, ప్రధాన కోచ్ ఉద్యోగం వచ్చే ఏడాదికి ఉంటుందా, దాడి విభాగం నడిపే కోచ్ ఇంతకుముందు కుర్రాళ్లను తీర్చిదిద్దాడా, వెంటనే ఆడించకుండా ఆపగలిగిన అనుభవజ్ఞుడు జట్టులో ఉన్నాడా అన్నవి చూడండి. వీటిలో కోచ్ స్థిరత్వానికే నేను పెద్ద పీట వేస్తాను. మూడేళ్లలో మూడు ప్లేబుక్కులు (జట్టు ఎత్తుగడల పుస్తకాలు) నేర్చుకోవలసి వచ్చిన కుర్రవాడు ప్రతి ఏడాదీ మొదటి ఏడాదివాడే.

జాష్ అలెన్ సంగతి

ఈ పద్ధతిని ఎవరికి చెప్పినా, మా మేనల్లుడితో సహా, అడిగే ప్రశ్న ఒకటే: మరి బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ ఎలా నిలబడ్డాడు? వయోమింగ్ కాలేజీ జట్టులో అలెన్ పాసులు అందిన శాతం 56.2. బలమైన జట్ల మీద అతని ఆట బాగా లేదు. నా పద్ధతి ప్రకారం అతను నిలబడడని 2018లో నేనే రాసుకున్నాను. ప్రొఫెషనల్ ఆటలో తొలి ఏడాది 52.8 శాతం, రెండో ఏడాది 58.8, మూడో ఏడాది 69.2. 2024లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు. నా తీర్పు తప్పింది. ఎందుకు తప్పిందో వెతికాను. బఫెలో జట్టు అతనికి నాలుగేళ్లు ఒకే దాడి కోచ్‌ను ఉంచింది, ముందు వరసను బాగుచేసింది, 2020లో స్టెఫాన్ డిగ్స్ వంటి రిసీవర్‌ను తెచ్చి ఇచ్చింది. అతను విసిరే తీరును పాదాల దగ్గర నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. నేర్చుకునే ఓపిక ఉందా అన్నది నేను టీవీలో చూడలేకపోయాను. అయితే గురి లేని ప్రతి కుర్రవాడి గురించీ "అలెన్ కూడా మొదట ఇంతే" అనటం సరికాదు. అటువంటి మార్పు అంత పెద్ద ఎత్తున జరగటం చాలా అరుదు. నా పుస్తకంలో అటువంటివారికి ఇప్పుడు "నిలబడడు" అని రాయను. "నాలుగేళ్లు ఒకే కోచ్ దొరికితే తప్ప నిలబడడు" అని రాస్తాను.

పుస్తకం మాట వచ్చింది కాబట్టి దాన్ని ఎలా రాయాలో చెబుతాను. మా ఇంట్లో పొగాకు లెక్కలు రాసే పొడవాటి పుస్తకం వంటిది ఒకటి తీసుకుని, ఒక్కో కుర్రవాడికి రెండు ఎదురెదురు పుటలు కేటాయించండి. ఎడమ పుట మీద డ్రాఫ్టుకు ముందు రాయవలసినవి: చూసిన నాలుగు ఆటలు, మూడో ప్రయత్నాల లెక్క, ఒత్తిడి లెక్క, ప్రారంభించిన ఆటలు, వయసు, చుట్టూ ఉన్న రిసీవర్ల పేర్లు, చివర ఒక్క వాక్యంలో తీర్పు, దాని కింద తేదీ. కుడి పుట మీద డ్రాఫ్టు తరువాత రాయవలసినవి: జట్టు, కోచ్, ముందు వరస, సవరించిన తీర్పు, మళ్లీ తేదీ. ఆ తరువాత ఎడమ పుటను దిద్దకండి. మూడో సీజను పూర్తయ్యాక, జనవరిలో ఒకసారి తెరిచి, తప్పిన ప్రతి తీర్పు పక్కన అది ఏ పుటలో తప్పిందో గుర్తు పెట్టుకోండి. నా పుస్తకంలో ఇంతవరకు తప్పినవాటిలో ఎక్కువ కుడి పుటవే.